బతుకమ్మ ఆడేటప్పుడు డీజే ఎందుకు?

సంపాదకులు గారికి,

బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది. కాలనీ సంఘాలు, వార్డు కమిటీలు డీజేకు అడ్వాన్స్ ఇచ్చేలోపే ఒక మాట చెబుదామని ఈ ఉత్తరం. ఈసారి ఆట సాగినంతసేపైనా దాన్ని బంద్ పెట్టండి.

చప్పుడు ఎక్కువని కాదు నా బాధ (అదీ ఉందనుకోండి). బతుకమ్మకు పూజారి లేడు, మంత్రం లేదు. పసుపుతో గౌరమ్మను చేసేది మనమే, తంగేడు, గునుగు పేర్చేది మనమే, నీళ్లలో సాగనంపేదీ మనమే. ఇక మిగిలిన పూజంతా పాటే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. చప్పట్లు, అడుగులు దాన్ని బట్టే పడతాయి. ఒక్క చరణం రాని ఆమెకు కూడా అక్కడ పని ఉంటుంది. స్పీకరే ఎత్తుకుని, ఉయ్యాలో అని స్పీకరే అంటే ఇక మనం వచ్చింది ఎందుకు?

“ఇప్పటి పిల్లలకు పాటలు రావు, డీజే లేకపోతే రానే రారు” అంటారు కమిటీవాళ్లు. పాటలు రావన్నది నిజమే. మాకు మాత్రం ఎవరు కూర్చోబెట్టి నేర్పారు? మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజు సద్దుల దాకా, మధ్యలో ఆట ఉండని అలిగిన బతుకమ్మ రోజు తప్ప, పెద్దవాళ్ల వెనక అందుకుంటూ తిరిగితే చరణాలు అవే నోటికొచ్చాయి. డీజే పెట్టిన చోట ఆ నేర్చుకునే దారే మూసుకుపోయింది. పాట ఎత్తుకునే పెద్దమ్మలు ఇంకా ప్రతి వాడలో ఉన్నారు. పాపం, డీజే ముందు వాళ్ల గొంతు వినపడక పక్కన కుర్చీల్లో కూర్చుంటున్నారు.

2014లో రాష్ట్ర పండుగ అయ్యాక చెరువుల దగ్గర లైట్లు, ఏర్పాట్లు పెరిగాయి. సంతోషమే. వాటితోపాటు స్టేజీలు, ముఖ్య అతిథులు, ఎత్తైన బతుకమ్మకు బహుమతులు కూడా వచ్చాయి. స్టేజీ వేస్తే ఎవరైనా అటే తిరిగి నిలబడతారు, ఆడేవాళ్ల వలయం కాస్తా ప్రేక్షకుల గుంపు అవుతుంది. చిన్న తాంబాళంలోని బతుకమ్మను, నిలువెత్తు బతుకమ్మను ఒకే చోట పెట్టి చుట్టూ తిరిగే పండుగలో ఫస్ట్ ప్రైజు ఏమిటో నాకు అర్థం కాదు.

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర వచ్చే జనానికి మైకు లేకుండా కుదరదు, ఒప్పుకుంటాను. ఆ మైకేదో పాట ఎత్తుకునే ఆమె చేతికివ్వండి. సాగనంపడం అయ్యాక పిల్లలు డీజే పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి. అతిథుల ప్రసంగాలు మాత్రం ఆ తర్వాత పెట్టినా, అసలు పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

- ఒక పాఠకురాలు, హనుమకొండ