మైక్రోబయాలజీ చదవదలచిన వారు ముందు చూడవలసింది

సంపాదకునికి,

ఆర్యా,

వైద్యవిద్యలో సీటు రాని విద్యార్థులకు సూక్ష్మజీవులను అధ్యయనం చేసే మైక్రోబయాలజీని ప్రత్యామ్నాయంగా సూచించడం విద్యా సలహాల శీర్షికలలో పరిపాటి అయింది. వాటిలో కోర్సుల పేర్లూ ఉద్యోగాల జాబితాలూ ఉంటాయి గానీ, ఆ పని ఎలా ఉంటుందో ఎవరూ రాయరు. ఈ రంగంలోకి రాదలచినవారు కళాశాల పేరు కన్నా ముందు, అక్కడ విద్యార్థి తన చేతులతో ప్రయోగాలు చేసే వీలు ఎంత ఉందో చూసుకోవాలని నా అభిప్రాయం.

బ్యాక్టీరియాకు రంగులు పట్టించి గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని రెండు రకాలుగా గుర్తించే, 1884లో వెలువడిన గ్రామ్ స్టెయినింగ్ పద్ధతినే తీసుకుంటే, క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్ అనే వరుసను ఎవరైనా ఒక్క పూటలో కంఠస్థం చేయగలరు. అయితే ఆల్కహాల్‌తో కడిగేటప్పుడు కొన్ని క్షణాలు ఎక్కువైతే చాలు, ఊదారంగులో కనిపించవలసిన గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా గులాబీ రంగుకు మారి, నివేదికే తప్పుతుంది. బ్యాక్టీరియాను తీయడానికి వాడే, ఎర్రగా కాల్చిన తీగ లూప్‌ను చల్లారకముందే కాలనీకి (ఒకచోట పెరిగిన బ్యాక్టీరియా గుంపుకు) తాకిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. త్వరగా చల్లారాలని గాలిలో ఊపితే వేరే క్రిములు అంటుకుంటాయి. ఒకరు చేస్తుండగా పదిమంది చుట్టూ నిలబడి చూసి, ఆనక రికార్డు నింపుకునే ప్రాక్టికల్స్‌తో (అవెంత మామూలో ఈ కోర్సు చదివినవారికి చెప్పనక్కరలేదు) ఈ నేర్పు అబ్బదు.

ఓపిక సంగతి మరొకటి. ఇంజెక్షన్ మందుల స్టెరిలిటీ (క్రిములు లేవని నిర్ధారించే) పరీక్షకు 14 రోజులు ఆగాలి. క్షయ క్రిమి ఘన మాధ్యమంపై (క్రిములను పెంచే గట్టి పోషక పదార్థంపై) కనిపించడానికి వారాలు పడుతుంది. ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌ల పరిశోధనలో రోగుల జీర్ణాశయ నమూనాలలోని క్రిములను పెంచే ప్లేట్లను రెండు రోజులకే చూసి, ఏమీ పెరగలేదని పారేస్తూ వచ్చారు; 1982లో ఈస్టర్ సెలవుల వల్ల, క్రిములు పెరిగేలా వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయిన ప్లేటుపై కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ కాలనీలు కనిపించాయి. ఆ క్రిమిని కనుగొన్నందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది.

అందరూ పరిశోధకులే కానక్కరలేదు. ఔషధ, ఆహార, తాగునీటి పరీక్షాశాలల్లో నాణ్యతా పరీక్షల ఉద్యోగాలు ఉన్నాయి. అక్కడ ఒకే పరీక్షను ఒకే శ్రద్ధతో మళ్లీ మళ్లీ చేయాలి, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ రికార్డు మొదలు ప్రతిదీ ఎప్పటికప్పుడు రాసిపెట్టాలి. కొందరికి ఇది విసుగు. స్వతంత్ర పరిశోధన కోరుకునేవారు సాధారణంగా పీహెచ్‌డీ దాకా చదవవలసిందే.

కనుక ప్రవేశాల వేళ ఇలాంటి సలహాలు ప్రచురించేటప్పుడు, ప్రయోగశాలల్లో పనిచేస్తున్న వారి చేత వారి దినచర్యను కూడా రాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు