ఎడమ తలుపు రంగు

అనంతపురం,
మార్చి 8, ఆదివారం

చిరంజీవి మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినడం లేదు. ఎండలు అప్పుడే ముదిరాయి. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు రెండు రోజులకే గలగలలాడుతున్నాయి. మాబు షెడ్డులో కొత్త కంప్రెషర్ పెట్టాడు, నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు.

నీ మెసేజి చూశాను. కారుకు సిరామిక్ కోటింగ్ సీసా కొన్నావని, షాపుకు ఇవ్వకుండా నువ్వే వేసుకుంటావని, ఎలా వేయాలో చెప్పమని. మూడు ముక్కలు, కింద ఒక ఫోటో. ఇరవై రోజుల్లో నీ నుంచి నాకు వచ్చిన మాట అదొక్కటే. ఫోనులో చెబుదామంటే సగంలో మీటింగ్ ఉందంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరికగా కూర్చుని చదువు, ఒక్క ముక్క కూడా దాటవేయకు.

ముందు ఆ సీసాలో ఏముందో తెలుసుకో. అది సిలికాతో తయారైన ద్రవం. రంగు మీద పూశాక అందులోని ద్రావకం ఆవిరైపోతుంది, మిగిలింది గట్టిపడి క్లియర్ కోటును, అంటే రంగు పైనుండే పారదర్శకమైన పొరను, అంటిపెట్టుకుంటుంది. మా రోజుల్లో కార్నాబా మైనం రుద్దేవాళ్లం, మన ఎండకు నాలుగు వారాలు నిలిస్తే గొప్ప. ఇది జాగ్రత్తగా చూసుకుంటే రెండు మూడేళ్లు ఉంటుంది. నీళ్లు నిలవకుండా ముత్యాల్లా జారిపోతాయి, దుమ్ము గట్టిగా పట్టుకోదు, పిట్ట రెట్ట వేస్తే అది రంగును తినేలోపు తుడుచుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అంతవరకు మంచిదే, నేను కాదనను.

సీసా మీద 9హెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పెన్సిళ్ల లెక్క. ఒకదానికన్నా ఒకటి గట్టి పెన్సిళ్లతో పూత మీద గీసి చూస్తారు, ఆ వరుసలో చివరిది 9హెచ్. దానితో గీసినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. ఈ పూత మందం ఒకటి రెండు మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫ్యాక్టరీలో వేసిన రంగు పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, అందులో పైనున్న క్లియర్ కోటు 40, 50. ఇక దాని మీద ఒకటి రెండు మైక్రాన్ల పూత ఏం ఆపుతుందో నువ్వే లెక్క వేసుకో. కంకర ఎగిరి తగిలితే ఆపలేదు. దానికి పాలియురెథేన్ ఫిల్మ్ అని వేరే ఉంది, 150 నుంచి 200 మైక్రాన్ల మందం, ధర కూడా అదే లెక్కలో ఉంటుంది. రాత్రిపూట హైవే మీద లారీ పక్కనుంచి రాసుకుంటూ పోతే మాత్రం ఏ ఫిల్మూ ఆపలేదు.

ఇక ఆ ఫోటో సంగతి. అపార్ట్‌మెంటు సెల్లారులో, ట్యూబ్‌లైటు కింద తీశావు. ముందు తలుపు మీద ట్యూబ్‌లైటు వెలుగు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. వెనుక ఎడమ తలుపు మీదికి వచ్చేసరికి అదే గీత వణుకుతోంది, నారింజ తొక్క మీద పడినట్టు. వెండి రంగులోని రజను కూడా అక్కడ ఒక పాలు నల్లగా ఉంది. కెమెరా తప్పేమో అనుకున్నాను. మీ అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను. ముప్పై ఒక్క ఏళ్లు స్ప్రే గన్ను పట్టుకున్నవాడిని తల్లీ, ఫ్యాక్టరీ రంగేదో షెడ్డు రంగేదో నాకు తెలియదా? పెనుకొండలో తయారై వచ్చిన ఆ బండికి ఆయుధపూజ రోజు నిమ్మకాయలు కట్టింది నేను. అప్పుడు రెండు తలుపులూ ఒక్క రంగే.

మొన్న సుంకమ్మత్త మనవడి నామకరణంలో ఓబులేసు కొడుకు నా పక్కనే భోజనానికి కూర్చున్నాడు. "అక్క బండిని టింకరింగ్ షెడ్డులో చూశాను పెద్దనాన్నా, తలుపు లోపలికి పోయింది" అన్నాడు. వాళ్లమ్మ కళ్లతో ఏదో సైగ చేసింది. వెంటనే వాడు "బెంగళూరులో ఆ రంగు బండ్లు లెక్కలేనన్ని ఉన్నాయిలే" అని పప్పు కలుపుకోవడంలో పడ్డాడు. నేను ఇంకేమీ అడగలేదు. మీ అమ్మకూ చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసేమోనని అనుమానం కూడా ఉంది, నీ కారు పేరెత్తితే చాలు, పెరట్లో పని గుర్తుకొస్తోంది ఆమెకు.

సరే, పనిలోకి వస్తాను. పూత కన్నా ముందు చేసే పనే ముఖ్యం. తాడిపత్రిలో మీ చిన్నమామ రాళ్ల మిషను దగ్గర చూశావు కదా. గరుకు రాయితో మొదలుపెట్టి, నున్నని రాయి దాకా ఒక్కో మెట్టు దిగుతూ పోతే నాపరాయికి ఆ నిగారింపు వస్తుంది. కారుకూ అంతే. నీ బండికి ఇప్పటికే గీతలు పడి ఉంటాయి, ఎండలో బానెట్టును చూడు, సూర్యుడి చుట్టూ సాలెగూడులా కనిపిస్తాయి. తెల్లవారుజామున అపార్ట్‌మెంట్లలో తిరిగే కుర్రాళ్లు ఒకే గుడ్డతో పది కార్లను, అదీ దుమ్ము మీదనే తుడుస్తారు. నీ బండి తుడిచేవాడికి నెలకు ఇచ్చేది ఇస్తూనే ఉండు, బండి మాత్రం ముట్టుకోవద్దని చెప్పు. ఆ గీతలు పోగొట్టకుండా పైన పూత వేస్తే, ఆ గీతలకే మూత పెట్టినట్టు.

నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు కడుగు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. తర్వాత బ్రేకుల నుంచి రాలే ఇనుప రజనును కరిగించే ద్రవం చల్లు, ఊదారంగులో కారిపోతుంది. ఆ పైన క్లే ముద్దను నీళ్ల జారుడు మీద రుద్దు, చేతికి గరుకు తగలనంత వరకు. పాలిషింగ్ మిషను మాత్రం నువ్వు పట్టుకోకు. తలుపు అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే రంగు కిందుండే ప్రైమర్ పూత బయటపడుతుంది. ఆ పని తెలిసినవాడితో చేయించు. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి, పాలిష్ నూనె మిగిలితే పూత పట్టదు.

ఇంతా చేసినా, కొత్తగా రంగు వేసిన తలుపు మీద ఇప్పుడే పూత వేయకూడదు. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం. ఫ్యాక్టరీలో రంగును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. షెడ్డులో అంత వేడి పెడితే బండిలోని ప్లాస్టిక్కు, వైర్లు ఏమవుతాయి? మంచి బూత్, అంటే రంగు కొట్టి ఆరబెట్టే మూసిన గది, ఉన్నచోట 60 డిగ్రీలు పెడతారు, మామూలు షెడ్డులో గాలికే వదిలేస్తారు. పైకి ఆరినట్టే ఉంటుంది, గోటికి అంటదు, లోపల మాత్రం థిన్నర్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. దాని నోరు మూయకూడదు. కనీసం నెల ఆగమంటారు. నన్నడిగితే రెండు నెలలు.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. 1991లో ఒక నూనె మిల్లు యజమాని నల్ల అంబాసిడర్ మా షెడ్డుకు వచ్చింది. వెనుక ఎవరో గుద్దారు, డిక్కీ మూత సొట్ట పడింది. నాలుగు రోజుల్లో కూతురి పెళ్లి. ఖాదర్ మేస్త్రి చెల్లెలి ఇంటికి కదిరి వెళ్లారు. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు, నా చేతి మీద నాకు అపారమైన నమ్మకం. లప్పం మందంగా పెట్టేశాను, పూతకూ పూతకూ మధ్య ఆగాల్సినంత ఆగలేదు. కరెంటు పోయేలోపు ముగించాలని ఆ రాత్రే నలుపు మూడు దఫాలు కొట్టాను. తెల్లారి చూస్తే అద్దంలా ఉంది, నా మీసం కనిపించింది అందులో. ఆ సంబరంలో మైనం రుద్ది, దుమ్ము పడకుండా పాత పంచె కప్పి, భోజనానికి ఇంటికి వెళ్లాను. పైన రేకుల కప్పు, మధ్యాహ్నపు ఎండ. సాయంత్రం పంచె ఎత్తితే, దాని నేత మొత్తం పోగు పోగునా రంగులో అచ్చుపడి ఉంది. మూత మీద ఆవగింజంత పొక్కులు.

యజమాని వచ్చే వేళకు నేను షెడ్డులో లేను. రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు మేస్త్రి సైకిలు మీద మా ఇంటికే వచ్చారు. తిట్టలేదు. అరుగు మీద కూర్చుని, లప్పం ఎన్నిసార్లు పెట్టావు, మధ్య ఎంతసేపు ఆగావు, థిన్నర్ ఎంత కలిపావు అని వరసగా అడిగారు. అన్నీ సరిగ్గానే చెప్పాను, ఒక్కటి తప్ప. లప్పానికి ఒక పూట కూడా ఇవ్వకుండా, ఒక రోజంతా ఆరబెట్టానని చెప్పాను. ఆయన నమ్మారు. తప్పు పైరంగులోనే ఉందనుకుని, ఆ పొరను మాత్రం నీటి కాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, తీసేసి మళ్లీ కొట్టారు. వారానికి మళ్లీ అవే పొక్కులు, తేమ కింద లప్పంలోనే ఉంది కనుక. అప్పుడు చెప్పాను నిజం. మేస్త్రి నా ముఖం వైపు కూడా చూడలేదు, గీకుడు కత్తి తీసుకుని ఇనుము కనిపించేదాకా గీకారు. పెళ్లికూతురు వేరే బండిలో వెళ్లింది. రెండోసారి రంగు ఖర్చు ఆయన జేబులోంచే పోయింది. నన్ను ముందే అడిగారు కదా అమ్మా, నేను ముందే చెప్పి ఉంటే ఒక్కసారితో పోయేది కదా.

అందుకే అడుగుతున్నాను. ఆ తలుపుకు రంగు ఏ తేదీన వేశారు? లప్పం ఎంత పెట్టారు? రేకు తట్టి లేపారా, తలుపే మార్చారా? బూత్‌లో కాల్చారా, బయట ఆరబెట్టారా? శివరాత్రి తర్వాత వారంలో వేసి ఉంటే ఉగాదికి కూడా నెల నిండదు. మిగతా బండికి వేసుకుని ఆ ఒక్క తలుపు వదిలెయ్యి, తర్వాత వేసుకోవచ్చు.

వేసేటప్పుడు సెల్లారులో తలుపులన్నీ మూసుకుని కూర్చోకు. మాస్కు పెట్టుకో, గ్లౌజులు వేసుకో. నేను రంగును గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపిన రంగును ముక్కుకు తువ్వాలు కట్టుకుని కొట్టాను, నా దగ్గు నువ్వు రోజూ విన్నదే. రెండడుగుల చదరం చొప్పున పని చెయ్యి. దిమ్మెకు చుట్టిన గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పులుము. కాసేపటికి నీళ్ల మీద నూనె తేలినట్టు ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి, అప్పుడు తుడవాలి. ఎంతసేపు ఆగాలో సీసా కాగితంలో ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆ వ్యవధి తగ్గుతుంది. ఆలస్యమైతే మచ్చలుగా బిగుసుకుంటుంది, మళ్లీ పాలిష్ చేస్తేనే పోతుంది. పక్కకు వంగి టార్చి వేసి ఒక్కో భాగం చూసుకో. అయితే మెడ నొప్పిగా ఉంటే వంగి చేసే పని పెట్టుకోకు. తుడిచిన గుడ్డలు పారెయ్యి, ఆరాక గాజు పెంకులా గీస్తాయి. ఒక రోజంతా నీటి చుక్క పడకూడదు, వారం దాకా కడగకూడదు. ఆ తర్వాత కడిగిన ప్రతిసారీ వెంటనే తుడిచెయ్యి, మీకు వచ్చే ట్యాంకరు నీళ్లు మన బోరు నీళ్ల లాంటివే అయితే ఆరిన చోటల్లా తెల్ల మచ్చ పడుతుంది, పూత ఉన్నా పడుతుంది.

మెడ అని ఎందుకన్నానంటే, మీ అమ్మతో వీడియో కాల్ మాట్లాడినప్పుడల్లా చున్నీ చుట్టుకుని ఉంటున్నావట. మార్చిలో చున్నీ ఎందుకని ఆమె నన్ను అడిగింది. నేనేం చెప్పను?

జాగరణ మరునాడు నువ్వు కళ్లు ఎర్రగా పెట్టుకుని బయలుదేరుతుంటే ఆపాల్సింది నేను. బాగేపల్లి దాకా మాబును తోడు పంపినా సరిపోయేది. తాళం చెవి నీ చేతిలో పెట్టింది నేనే కదా. తలుపుదేముంది, ఇక్కడికి తీసుకువస్తే మాబు, నేను కలిసి ఒక్క రంగు చేసి ఇస్తాం. ఉగాదికి వచ్చేటప్పుడు మాత్రం బస్సులో రా. బండి నేను వచ్చి తెచ్చుకుంటాను.

బస్సు పార్శిలులో ఒక పెట్టె పంపుతున్నాను. పైన పది మైక్రోఫైబర్ గుడ్డలు, కొత్తవి, ఉతికి ఆరేసినవి. మాస్కు వాటి మధ్యలో ఉంది. కింద వేరే కవరులో మీ అమ్మ చేసిన శనక్కాయల పొడి, ఓళిగలు. ఓళిగలు రెండు రోజుల్లో తినెయ్యి. గుడ్డలకు నూనె అంటకుండా చూసుకో.

ఈ ఉత్తరం అందిన రోజు రాత్రి నాకు వీడియో కాల్ చెయ్యి. చున్నీ తీసేసి చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న