అద్దం వాల్చిన జీపును మోటారు సైకిల్ లాగే చూడాలి

సంపాదకులకు,

సంక్రాంతి దగ్గరపడింది. అది వెళ్ళగానే మాఘమాసం పెళ్ళిళ్ళు. షెడ్లలో ఉన్న పాత జీపులన్నీ రోడ్డెక్కే కాలం ఇదే. టాపు విప్పేసి, ముందద్దాన్ని బానెట్ మీదికి వాల్చి నడిపితే ఆ బండి అందమే వేరు. కానీ వాల్చడం తెలియక అద్దాలు పగలగొట్టుకుంటున్నారు. వాల్చాక ఎలా నడపాలో తెలియక కళ్ళమీదికి తెచ్చుకుంటున్నారు. ఈ రెండింటి గురించీ నాలుగు మాటలు రాస్తున్నాం.

రెండో ప్రపంచ యుద్ధంనాటి విల్లీస్ జీపుకు ఈ ఏర్పాటు సోకు కోసం పెట్టలేదు. ఎండలో అద్దం తళుక్కుమంటే శత్రువు దూరం నుంచే పసిగడతాడు. అందుకని సైనికులు దాన్ని వాల్చి, పైన కాన్వాసు కప్పేవారు. తర్వాత మన దేశంలో మహీంద్రా వారు తయారుచేసిన సీజే-3బీ జీపుకు కూడా ఈ మడిచే అద్దం వచ్చింది. మట్టిబాటలో దీనివల్ల ఇంకో లాభం ఉంది. టాపు లేకుండా అద్దం మాత్రం నిలబెట్టి నడిపితే దాని వెనక గాలి పలచబడి, వెనక చక్రాలు లేపిన దుమ్ము తిరిగి మన ఒళ్ళోకే వస్తుంది. అద్దం వాలిస్తే గాలి నేరుగా సాగిపోతుంది కాబట్టి దుమ్ము వెనకే ఉండిపోతుంది.

వాల్చే ముందు బానెట్ ఎత్తి రేడియేటర్ నీళ్ళు, ఇంజిన్ ఆయిల్ చూసుకోవాలి. అద్దం బానెట్ మీద పడుకున్నాక, దాన్ని మళ్ళీ లేపితే తప్ప బానెట్ తెరుచుకోదు. తర్వాత టాపు ముందు అంచును ఫ్రేము నుంచి విప్పి, కమ్మీలు మడవాలి. వైపర్ సంగతి చాలామంది మరిచిపోతారు. కరెంటు వైపర్ అయితే తీగ ఎక్కడా లాక్కోకుండా చూసుకుంటే సరిపోతుంది. ఇంజిన్ పీల్పుతో ఆడే పాత వాక్యూమ్ వైపర్ అయితే దాని రబ్బరు గొట్టం ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే మానిఫోల్డ్ నుంచి వస్తుంది. గొట్టం ఊడదీసి మూతి తెరిచి వదిలేస్తే ఇంజిన్ అక్కడి నుంచి అదనపు గాలి పీల్చుకుంటుంది, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, కొట్టుకుంటూ ఆగిపోతుంది. కార్బురేటర్ పాడైందనుకుని స్క్రూలు తిప్పి మెకానిక్‌లు అసలు సెట్టింగే చెడగొట్టిన బండ్లు ఎన్నో ఉన్నాయి. గొట్టం మూతికి బిగువైన రబ్బరు బిరడా పెడితే చాలు.

డాష్‌బోర్డు మీద రెండు పక్కలా ఉన్న క్లాంపులను ఒకరే ఒకదాని తర్వాత ఒకటి విప్పకూడదు. ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి ఒకేసారి విప్పి, ఫ్రేమును సమంగా దించాలి. ఒక కొస ముందు, ఒక కొస వెనక దిగితే ఫ్రేము మెలిక పడుతుంది. మెలిక పడ్డ ఫ్రేములో అద్దం మూలల దగ్గర చిట్లుతుంది. అడుగున ఉండే రబ్బరు ఎండిపోయి కౌల్‌కు (అద్దం కింది రేకుకు) అతుక్కుని ఉంటే ముందు చేత్తో మెల్లగా విడదీయాలి. లాగితే చిరుగుతుంది, ఆ తర్వాత ప్రతి వానకూ కాళ్ళమీద నీళ్ళే.

ఫ్రేము బానెట్ రేకుకు తగలకూడదు. విల్లీస్‌కు బానెట్ మీద రెండు చెక్క దిమ్మలు ఉండేవి, ఫ్రేము వాటి మీద ఆనేది. రంగు వేయించేటప్పుడు వాటిని పీకేసి మళ్ళీ పెట్టరు. దిమ్మలు లేకపోతే గతుకు గతుకుకీ ఇనుము రేకును కొడుతుంది. ముందు రంగు పోతుంది, ఆ తర్వాత అద్దం పోతుంది. దిమ్మల మీద ఆనించి, నవారు పట్టీతో గట్టిగా బిగించాలి. మధ్యాహ్నం ఎండలో పడుకున్న అద్దం సూర్యుణ్ణి తిన్నగా డ్రైవరు కళ్ళలోకి కొడుతుంది కాబట్టి పైన మందపాటి గుడ్డ కప్పాలి. దాన్ని నాలుగు మూలలా కట్టి తీరాలి. ఊడిన గుడ్డ గాలికి లేచి మొహానికి చుట్టుకుంటే బండి ఎటు పోతుందో చెప్పలేం.

అద్దం మార్పిస్తే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దమే వేయించాలి. ఇది బల్లపరుపు అద్దం కాబట్టి కిటికీ అద్దాల దుకాణంలో మామూలు గాజు కోయించి బిగించేవాళ్ళున్నారు. అది పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది.

ఇక నడపడం. వేగం రెట్టింపైతే గాలి తాకిడి నాలుగింతలవుతుంది. 40లో హాయిగా ఉన్న గాలి 80లో కళ్ళు తెరవనివ్వదు. చలువ కళ్ళజోడు చాలదు, పక్కల నుంచి గాలి దూరి కన్ను నీరు కారుతుంది. అంచు చుట్టూ స్పాంజి ఉన్న పాలీకార్బొనేట్ గాగుల్స్ కావాలి, డ్రైవరుకే కాదు, పక్కన కూర్చున్నవారికి కూడా. చీకటి పడ్డాక రంగులేని గాగుల్స్ ఉండాలి. తొలకరి తర్వాత ఉసిళ్ళు లేచే సాయంత్రాల్లోనూ, కంకర టిప్పర్ల వెనకా అద్దం లేపుకోవడమే మంచిది. టిప్పరు మీంచి రాలిన గులకరాయి నేరుగా మొహానికే తగలొచ్చు. 40 దాటి వెళ్ళాల్సిన రోడ్డయితే అద్దం నిలబెట్టండి.

అన్నిటికంటే మాకు భయం గాలిపటాల మాంజాతో. గాజుపొడి పూసిన నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా పండగ రోజుల్లో అది రోడ్లకు అడ్డంగా వేలాడుతూనే ఉంది. అద్దం వాలిస్తే జీపు డ్రైవరు మెడకు, మోటారు సైకిల్ నడిపేవాడి మెడకు తేడా లేదు. యుద్ధంలో జర్మన్లు రోడ్డుకు అడ్డంగా తీగలు కడుతుంటే జీపు ముందు బంపరుకు తలకంటే ఎత్తుగా ఇనుప యాంగిల్ నిలబెట్టి, కొసన తీగను పట్టి తెంపే కొక్కెం పెట్టేవారు. ప్రదర్శనలో అది బాగుంటుంది. జనం తిరిగే వీధిలో అదే పాదచారికి ప్రాణాంతకం. పైగా బంపరుకు ముందు గార్డులు బిగించడాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో తప్పుపట్టింది కూడా. భోగికి వారం ముందు నుంచి కనుమ తర్వాత వారం దాకా ఊళ్ళో అద్దం వాల్చకండి.

పెళ్ళివారికి ఒక మాట. వాల్చిన ఫ్రేము మీద వరుణ్ణి కూర్చోబెట్టకండి, అది మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. నిలబెట్టిన ఫ్రేమును పట్టుకుని పిల్లలు నిలబడినా క్లాంపులు ఊడొచ్చు. 2021 నియమాల ప్రకారం 'వీఏ' నంబరుతో వింటేజ్‌గా రిజిస్టరైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తీయొచ్చు గానీ ఊరేగింపులకు అద్దెకు తిప్పకూడదు.

ప్రతి జనవరిలో ద్విచక్ర వాహనదారులకు మాంజా హెచ్చరికలు మీ పత్రికలో వేస్తున్నారు. ఈసారి వాటిలో అద్దం వాల్చిన జీపులను కూడా చేర్చమని కోరుతున్నాం.

– పాత జీపులు నడిపే కొందరం, హైదరాబాద్