ఓడినవారి కోపానికీ గడువులుంటాయి

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబర్ 5న అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కమలా హారిస్ ఓడిపోయాక మన పత్రికల్లో గెలిచినవారి కబుర్లే ఎక్కువగా వచ్చాయి. ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు, ట్రంప్ కొత్త మంత్రివర్గం, హెచ్-1బీ వీసాలు ఏమవుతాయన్న ఊహాగానాలు. ఓడిన పక్షానికి ఓటేసిన దాదాపు 7 కోట్ల 50 లక్షల మంది ఆ తర్వాతి వారాల్లో ఏం చేశారో, ఏం చేసి ఉంటే ఉపయోగం ఉండేదో రాసినవారు తక్కువ. అక్కడి తెలుగువాళ్లలో రెండు పార్టీలవారూ ఉన్నారు. 2016లో ఒకరు ఏడ్చారు, 2020లో మరొకరు, 2024లో మళ్లీ మొదటివారు. మూడుసార్లూ జరిగింది ఒకటే. గడువు దాటిపోయిన విషయాల మీద కోపమంతా ఖర్చయిపోయింది. గడువు ఇంకా మిగిలి ఉన్న పనులకు మనుషులు చాలలేదు.

ముందు లెక్కింపు సంగతి. నవంబర్ 6 ఉదయానికి హారిస్‌కు వచ్చిన ఓట్లను 2020లో బైడెన్‌కు వచ్చిన 8 కోట్ల 10 లక్షలతో పోల్చి, ‘2 కోట్ల ఓట్లు మాయమయ్యాయి’ అని డెమొక్రాట్ల వైపు పెద్ద ప్రచారం నడిచింది. ఏ ఓటూ మాయం కాలేదు, లెక్కింపే పూర్తి కాలేదు. ఒక్క కాలిఫోర్నియాలోనే దాదాపు కోటీ 60 లక్షల ఓట్లు పోలయ్యాయి, అందులో అధికభాగం పోస్టల్ బ్యాలెట్లే. పోలింగ్ రోజు తపాలా ముద్ర పడి, తర్వాత వారం లోపు చేరిన కవరును కూడా ఆ ఎన్నికల్లో అక్కడ తీసుకున్నారు. ప్రతి కవరు మీది సంతకాన్ని రికార్డులో ఉన్న సంతకంతో పోల్చాలి, తేడా వస్తే ఓటరుకు కబురు పంపి జవాబు కోసం ఆగాలి. అందుకే వారాలు పడుతుంది. చివరికి దేశం మొత్తం మీద పోలైన ఓట్లు 15 కోట్ల 50 లక్షల పైచిలుకు. 2020లో 15 కోట్ల 80 లక్షల పైచిలుకు. అసలు తేడా అంతే.

2020లో పెన్సిల్వేనియాలో రిపబ్లికన్లకు కలిగిన అనుమానమూ ఇదే కోవలోది. అక్కడి చట్టం ప్రకారం పోలింగ్ రోజు ఉదయం 7 గంటల లోపు పోస్టల్ కవర్లు విప్పకూడదు. బూత్‌లో వేసిన ఓట్లు ముందు లెక్కకు వస్తాయి, పోస్టల్ ఓట్లు తర్వాత వస్తాయి. ఆ ఏడాది పోస్టల్ ఓటు ఎక్కువగా వాడుకున్నది డెమొక్రాట్లు. రాత్రి లక్షల్లో కనిపించిన ట్రంప్ ఆధిక్యం కరిగిపోయి, చివరికి బైడెన్ 80,555 ఓట్లతో గెలిచారు. ఫ్లోరిడాలో పోస్టల్ కవర్లను ముందే సిద్ధం చేసుకోనిస్తారు కాబట్టి అక్కడ పోలింగ్ రాత్రే చాలావరకు తేలిపోతుంది. ఏ రాష్ట్రం ఏ వరుసలో లెక్కిస్తుందో ముందే తెలుసుకున్నవారికి ఆ రాత్రి అంత గుండెదడ ఉండదు.

పొరపాట్లు జరగవని కాదు. జరుగుతాయి, ఎక్కడ జరుగుతాయో కూడా తెలుసు. మిషిగన్‌లోని ఆంట్రిమ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) రిపబ్లికన్లకు కంచుకోట. 2020లో అక్కడ అనధికార ఫలితాల్లో బైడెన్ 3 వేల ఓట్ల ముందంజలో కనిపించారు. జరిగిందేమిటంటే, అక్టోబర్‌లో కొన్ని టౌన్‌షిప్‌లలో స్థానిక పోటీల కోసం బ్యాలెట్‌ను సవరించారు. కొన్ని స్కానర్లకు కొత్త మెమరీ కార్డులు వెళ్లాయి, కొన్నింటికి పాతవే మిగిలిపోయాయి. ఆ అంకెలు కౌంటీ కంప్యూటర్‌కు చేరేసరికి వరుసలు జరిగిపోయి, ఒకరి ఓట్లు మరొకరి ఖాతాలో కనిపించాయి. స్కానర్లు అచ్చేసిన కాగితపు టేపుల మీద మాత్రం అంకెలు సరిగ్గానే ఉన్నాయి. మర్నాడే తప్పు బయటపడింది. డిసెంబర్ 17న బ్యాలెట్లన్నీ చేత్తో లెక్కిస్తే అధ్యక్ష పోటీలో వచ్చిన తేడా 12 ఓట్లు. ఈ వివరాలేవీ చదవని లక్షలాది మంది ఆంట్రిమ్ పేరు చెప్పి నెలల తరబడి యంత్రాలను తిట్టారు. 2024లో ఎలాన్ మస్క్ సంస్థకు చెందిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు ఓట్లు మార్చాయని డెమొక్రాట్ల వైపు కొందరు అన్నారు, ఆధారం ఒక్కటీ చూపలేకపోయారు. ఇప్పుడు అమెరికాలో దాదాపు ప్రతి ఓటుకూ కాగితం ఉంది. అనుమానం వస్తే అడగాల్సింది ఆ కాగితాన్ని: టేపును, చేతి లెక్కను, ఆడిట్‌ను.

రీకౌంట్ మీద పెట్టుకునే ఆశలకూ ఒక కొలత ఉంది. రాష్ట్రవ్యాప్త రీకౌంట్‌లో మామూలుగా అటూఇటూ అయ్యేవి వందల ఓట్లు, వేలు కాదు. 2016లో గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టెయిన్ విస్కాన్సిన్‌లో రీకౌంట్ చేయిస్తే ట్రంప్ ఆధిక్యం 131 ఓట్లు పెరిగింది. 2020లో అదే రాష్ట్రంలో డేన్, మిల్వాకీ కౌంటీల రీకౌంట్‌కు ట్రంప్ ప్రచార బృందం 30 లక్షల డాలర్లు కట్టింది, బైడెన్‌కు 87 ఓట్లు కలిశాయి. అదే ఏడాది జార్జియాలో 50 లక్షల బ్యాలెట్లను చేత్తో లెక్కించారు, ఆ తర్వాత యంత్రంతో మరోసారి లెక్కించారు, గెలిచినవారు మారలేదు.

ఫలితం తిరగబడిన సందర్భాలూ లేకపోలేదు. 2004 వాషింగ్టన్ గవర్నర్ ఎన్నికలో మొదట 261 ఓట్ల వెనుకబడిన క్రిస్టీన్ గ్రెగ్వార్ చేతి లెక్కింపులో 129 ఓట్ల ముందుకొచ్చారు. 2008 మినెసోటా సెనేట్ పోటీలో 215 ఓట్ల వెనుక ఉన్న ఆల్ ఫ్రాంకెన్ కోర్టు విచారణ కూడా ముగిశాక 312 ఓట్లతో గెలిచారు. రెండు చోట్లా పొరపాటున తిరస్కరించిన పోస్టల్ ఓట్లను మళ్లీ లెక్కలో చేర్చడం కీలకమైంది. మరి 2024లో పెన్సిల్వేనియాలో తేడా లక్షా 20 వేలు. అర శాతం లోపు తేడా ఉంటే అక్కడ రీకౌంట్ దానంతటదే జరుగుతుంది, ఇది ఆ గీతకు చాలా దూరం. విస్కాన్సిన్‌లో 1 శాతం లోపైతే ఓడినవారు అడగాలి, పావు శాతం దాటితే ఖర్చు వారే భరించాలి. మిషిగన్‌లో రాష్ట్రవ్యాప్తంగా 2 వేల ఓట్ల లోపు తేడా ఉంటేనే అది దానంతటది మొదలవుతుంది. ఈ గీతల అవతల ‘రీకౌంట్ కావాలి’ అని సంతకాలు సేకరించడం వృథా శ్రమ.

నా దృష్టిలో అందరూ పట్టించుకోవాల్సిన పని మరొకటి ఉంది. అక్కడ దాన్ని ‘బ్యాలెట్ క్యూరింగ్’ అంటారు. పోస్టల్ ఓటు కవరు మీద సంతకం లేకపోయినా, పాత సంతకంతో పోలకపోయినా చాలా రాష్ట్రాలు ఆ ఓటును పక్కన పెడతాయి, సరిచేసుకోవడానికి కొంత గడువిస్తాయి. 2024లో జార్జియాలో పోలింగ్ తర్వాత 3 రోజులు, అరిజోనాలో 5 రోజులు ఇచ్చారు. పేర్ల జాబితా పార్టీలకు అందుతుంది. వలంటీర్లు ఫోన్ చేసి, లేదా తలుపు తట్టి, ఫారం నింపించి పంపించాలి. సంతకం తేడా ఎక్కువగా వచ్చేది తొలిసారి ఓటేసే కుర్రాళ్లకు, చేతులు వణికే పెద్దవారికి, లైసెన్స్ మీద ఒకలా, కవరు మీద ఒకలా సంతకం చేసేవారికి. ఇంటిపేరు ముందా వెనుకా అన్న గందరగోళం ఉన్న మనవాళ్లు కూడా కవరు మీద సంతకం చేసేముందు లైసెన్స్ ఒకసారి చూసుకోవడం మేలు.

2024లో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలోని 13వ కాంగ్రెస్ నియోజకవర్గం డిసెంబర్ 3 దాకా తేలలేదు. అక్కడ డెమొక్రాట్ అభ్యర్థి ఆడమ్ గ్రే 187 ఓట్లతో గెలిచారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 220, డెమొక్రాట్లకు 215 సీట్లు వచ్చిన ఎన్నిక అది, ఒక్కో సీటు బరువు ఎంతో ఊహించుకోవచ్చు. ‘2 కోట్ల ఓట్లు’ అంటూ గంటలకొద్దీ పోస్టులు పెట్టినవారు ఆ జాబితాల్లోంచి పదేసి ఫోన్లు చేసి ఉంటే అది లెక్కకొచ్చే పని అయ్యేది. 2020లో అయోవాలో రిపబ్లికన్ అభ్యర్థి మారియానెట్ మిల్లర్-మీక్స్ గెలిచింది 6 ఓట్లతో. ఈ పాఠం రెండు పక్షాలదీ.

ఇక డబ్బు. ఓటమి బాధలో ఉన్నవారి ఫోన్లకు అర్ధరాత్రి కూడా విరాళం సందేశాలు వస్తాయి. 2020లో ‘ఎలక్షన్ డిఫెన్స్ ఫండ్’ పేరిట ట్రంప్ మద్దతుదారుల నుంచి సేకరించిన సొమ్ములో పెద్ద వాటా ‘సేవ్ అమెరికా’ అనే రాజకీయ కమిటీకి వెళ్లేలా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అలాంటి ప్రత్యేక నిధి అసలు లేనేలేదని 2021 జనవరి 6న కాంగ్రెస్ భవనంపై జరిగిన దాడిని విచారించేందుకు వేసిన ప్రతినిధుల సభ కమిటీ 2022 జూన్‌లో చెప్పింది. 2024లో ఓడాక హారిస్ బృందమూ విరాళాలు అడుగుతూనే ఉంది. ఇచ్చేముందు పేజీ చివరిదాకా చదవాలి: ఏ కమిటీకి ఎంత శాతం, ముందు ఎవరి వాటా నిండుతుంది, ప్రతి నెలా కోత పడేలా గడిలో ముందే టిక్ పెట్టి ఉందా అని. మనవాళ్లు మరొకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాలపై ఉన్నవారు ఏ స్థాయి ఎన్నికకూ ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం. జీతం లేకుండా వలంటీరుగా పనిచేయడానికి మాత్రం అభ్యంతరం లేదు.

‘ఫలానా వర్గం దెబ్బకొట్టింది’ అన్న నిందలు పోలింగ్ రాత్రి ఎగ్జిట్ పోల్స్ పట్టుకుని మొదలవుతాయి. అందులో చిన్న సమూహాల నమూనా చాలా తక్కువ, పైగా ఆ అంకెల్ని అసలు ఫలితాలకు తగ్గట్టు తర్వాత సవరిస్తారు. ఎవరు నిజంగా ఓటేశారో రికార్డులతో సరిచూసిన ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ అధ్యయనం వచ్చింది 2025 జూన్‌లో. ఓటు వేయనివారంతా వేసి ఉంటే హారిస్ గెలిచేవారన్న నమ్మకాన్ని అది బలపరచలేదు. ఈలోగా ఎన్ని స్నేహాలు చెడ్డాయో!

ఓటమిని అంగీకరిస్తూ అభ్యర్థి చేసే ప్రసంగానికి చట్టపరంగా ఏ విలువా లేదు. అధికారం మారేది ధ్రువీకరణల ద్వారా: కౌంటీ బోర్డు, రాష్ట్రం, డిసెంబర్‌లో ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుడికి ఓటేసే ప్రతినిధులు), జనవరి 6న కాంగ్రెస్. 2022 చివర్లో మార్చిన చట్టం ప్రకారం కాంగ్రెస్‌లో ఒక రాష్ట్ర ఫలితంపై అభ్యంతరం లేవనెత్తాలంటే ఉభయ సభల్లోనూ ఐదో వంతు సభ్యులు సంతకం చేయాలి. 2025 జనవరి 6న హారిస్ ఉపాధ్యక్ష హోదాలో కూర్చుని తన ఓటమిని తానే ప్రకటించారు. 2001లో అల్ గోర్ కూడా అదే చేశారు.

ఆ తర్వాత నాలుగేళ్లూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రభుత్వ శాఖ కొత్త నిబంధన తేవాలంటే సాధారణంగా ముసాయిదా ప్రకటించి, 30 నుంచి 60 రోజులు జనం అభిప్రాయాలు తీసుకోవాలి. 2020 అక్టోబర్‌లో హెచ్-1బీ వేతన స్థాయుల్ని ఒక్కసారిగా పెంచిన కార్మిక శాఖ ఈ అంచెను దాటవేసింది. డిసెంబర్ 1న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అభిప్రాయం పంపేటప్పుడు డాకెట్ నంబరు (ఆ ముసాయిదా ఫైలు సంఖ్య), ఏ సెక్షన్‌పై అభ్యంతరం, దానివల్ల ఎవరికి ఎంత నష్టం అన్నవి స్పష్టంగా రాయాలి. వాట్సాప్‌లో వచ్చిన మూసను వెయ్యిమంది అతికిస్తే దాన్ని ఒక గుత్తిగా చూస్తారు. అధ్యక్షుడి ప్రకటనలకు మాత్రం ఈ దారి లేదు. 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బీపై లక్ష డాలర్ల ఫీజు అలా వచ్చిందే, దానికి కోర్టే దిక్కు.

స్థానిక ఎన్నికల్ని చిన్నచూపు చూడటం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. 2017లో వర్జీనియా రాష్ట్ర సభలోని 94వ స్థానంలో ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లే వచ్చాయి. 2018 జనవరిలో గిన్నెలోంచి చీటీ తీసి డేవిడ్ యాన్సీని విజేతగా ప్రకటించారు, దాంతో సభ 51-49తో రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయింది. ఓడిన షెల్లీ సైమండ్స్ 2019లో మళ్లీ నిలబడి గెలిచారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో కాంగ్రెస్ సీటుకు సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడారు, 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు.

మీ పత్రికకు ఒక విన్నపం. 2026 నవంబర్ 3న జరిగే మధ్యంతర ఎన్నికల గురించి రాసేటప్పుడు అభ్యర్థుల పూర్వీకుల ఊళ్లతోపాటు ప్రైమరీల తేదీలు, ఓటరు నమోదు గడువులు కూడా వేయండి. టెక్సస్‌లో పోలింగ్‌కు 30 రోజుల ముందు, న్యూజెర్సీలో 21 రోజుల ముందు, పెన్సిల్వేనియాలో 15 రోజుల ముందు నమోదు ముగుస్తుంది. పెన్సిల్వేనియాలో పార్టీ పేరుతో నమోదు కానివారికి ఆ పార్టీ ప్రైమరీలో ఓటుండదు. అక్కడున్న పిల్లలకు ఇక్కడి తల్లిదండ్రులు ఫోన్లో చదివి వినిపించడానికి వీలుగా, రాష్ట్రాలవారీగా ఒక చిన్న పట్టికలో ఇస్తే చాలు.

ఇట్లు,
అమెరికా ఎన్నికల ప్రక్రియను అధ్యయనం చేసే ఒక పాఠకుడు