షూటింగ్ విభాగం వార్షిక నివేదిక 2024–25: లివరా, సెమీ ఆటోనా?

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, పిక్నిక్ లెక్కలు సాంస్కృతిక విభాగం వాళ్ళ నివేదికలో చూసుకోండి. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల కోసం నడుస్తున్న మన షూటింగ్ విభాగం ఈ ఏడాది చేసినవాటిలో చెప్పుకోదగ్గది ఒకటే. కొత్తవాళ్ళకూ పిల్లలకూ నేర్పడానికి సంఘం పేరు మీద .22 రైఫిళ్ళు (అంగుళంలో 0.22 వంతు మందం ఉండే చిన్న తూటా కాల్చేవి) కొన్నాం. కొనాలంటే అందరూ వెంటనే సరేనన్నారు. ఏది కొనాలి అన్న దగ్గరే వేసవంతా గడిచిపోయింది.

చివరికి మిగిలినవి రెండు. ఒకటి రూగర్ 10/22. 1964లో వచ్చిన సెమీ ఆటోమేటిక్ ఇది. పది తూటాలు పట్టే మ్యాగజైన్ కింద నుంచి టక్కున ఎక్కుతుంది. తూటా పేలిన ఒత్తిడికే బోల్ట్ (తూటా వెనక మూతలా ఉండే ఇనుప ముక్క) వెనక్కి వెళ్ళి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, వస్తూ వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. రెండోది హెన్రీ లివర్ యాక్షన్. బారెల్ కింద గొట్టంలో పదిహేను లాంగ్ రైఫిల్ (.22లో మామూలు రకం) తూటాలు పడతాయి. లివర్‌ని కిందికి తోసి మళ్ళీ పైకి లాగితేనే తర్వాతి తూటా చాంబర్‌లోకి (తూటా కూర్చుని పేలే చోటుకి) వస్తుంది. ధరలో పెద్ద తేడా లేదు. బరువూ అంతే, రెండూ ఐదు పౌండ్లకు అటూ ఇటూ.

సెమీ ఆటో కావాలన్నవాళ్ళ మాటల్లో తీసిపారేయాల్సింది ఏమీ లేదు. దాని విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, స్కోప్ బిగించడం తేలిక. ఖాళీ చేయడం ఇంకా తేలిక: మ్యాగజైన్ తీసి, బోల్ట్ లాగి, లోపలికి చూస్తే సరి. హెన్రీలో గొట్టంలోని తూటాలన్నీ ఒంపేసినా ఒకటి లోపల ఉండిపోవచ్చు. లివర్‌ని నాలుగైదు సార్లు ఆడించి, కంటితో చూసుకుంటే కానీ నమ్మడానికి లేదు.

అయినా హెన్రీయే కావాలన్న నేర్పేవాళ్ళ మాటే నెగ్గింది. గురి తగలగానే పిల్లలకు సంబరం ఆగదు. ఆ ఊపులో వేలు మళ్ళీ ట్రిగ్గర్ నొక్కేస్తుంది, లేదా తుపాకీ చేతిలో ఉండగానే "చూశావా డాడీ" అంటూ వెనక్కి తిరుగుతారు. సెమీ ఆటోలో ఆ క్షణానికి చాంబర్‌లో ఇంకో తూటా ఎక్కి కూర్చుని ఉంటుంది. హెన్రీలో అయితే లివర్ ఆడించేదాకా లోపల ఉన్నది ఖాళీ తొడుగే. పైగా లివర్ తెరిచి ఉందో మూసి ఉందో రెండు బెంచీల అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. 10/22లో ఆఖరి తూటా పేలాక బోల్ట్ దానంతటది తెరుచుకుని ఆగదు, చేత్తో లాగి లాక్ చేయాలి.

లివర్‌తో కష్టాలు లేవా అంటే ఉన్నాయి. పిల్లలు దాన్ని భయం భయంగా సగం వరకే తోస్తారు, తొడుగు లోపలే ఇరుక్కుంటుంది. "చివరిదాకా తోయి నాన్నా, ఏం విరగదు" అన్నమాట ఈ ఏడాది మన రేంజ్‌లో వినపడని రోజు లేదు. ఊళ్ళో బోరింగు కొట్టి పెరిగిన పెద్దవాళ్ళకు ఈ ఇబ్బంది రాలేదు! గొట్టం నింపేటప్పుడు చెయ్యి బారెల్ కొస దగ్గరికి వెళ్తుంది కాబట్టి ఆ పని కోచ్‌లదే, అదీ ఒకసారికి ఐదు తూటాలే. మనం కొన్న మోడల్‌కి విడిగా సేఫ్టీ మీట లేదు. లేచి ఉన్న హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా దించడం పిల్లలు చేయాల్సిన పని కాదు. కాల్చొద్దనుకుంటే లివర్ తెరిచి బెంచీ మీద పెట్టేయాలి.

తూటాల విషయంలో లివర్ అసలు పేచీ పెట్టదు. .22లో పొట్టి రకమైన షార్ట్ అయినా లాంగ్ రైఫిల్ అయినా కాలుస్తుంది. చప్పుడుకు బెదిరే పిల్లల కోసం సెకనుకు 710 అడుగుల వేగంతో వెళ్ళే సీసీఐ క్వయిట్ రకం తెప్పించాం. మామూలు సెమీ ఆటోలో ఆ తూటాకు బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి నెట్టే బలం చాలదు. చప్పుడు తక్కువైనా చెవులకు మఫ్‌లు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రగిలించే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది, అది సమంగా పరుచుకోకపోతే పేలదు. అలాంటప్పుడు బారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగాలి.

మరో సంగతి, ఇది వీసా మీద ఉన్నవాళ్ళు శ్రద్ధగా చదవాలి. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో కాసేపు పట్టుకోవడమూ అందులోకే వస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. అందుకే ఇక్కడ పుట్టిన పదేళ్ళ పిల్ల కోచ్ పక్కన కూర్చుని కాలుస్తుంటే, లైసెన్స్ లేని తండ్రి గీత వెనక నిలబడి చూడాల్సి వస్తోంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది, వాళ్ళు ఫ్లాస్కులో టీతో వచ్చి చూసి ఆనందించవచ్చు. అనుమానం ఉంటే మన మాట కాదు, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ మాట వినండి. సియాటెల్ వైపు మారుతున్నవాళ్ళకు ఇంకొకటి: వాషింగ్టన్ రాష్ట్రంలో 2019 నుంచి సెమీ ఆటో రైఫిల్ కొనాలంటే, అది .22 అయినా సరే, 21 ఏళ్ళు నిండాలి.

పిల్లల్ని గగన్ నారంగ్‌ని చేయాలని వస్తున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఒలింపిక్ పోటీలకు ఈ రెండు తుపాకులూ పనికిరావు. అక్కడ ఉండేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్లకు ఒక్కొక్క తూటా ఎక్కించుకునే .22. ఇక్కడ మనం నేర్పేది తుపాకీ పక్కన ఎలా మసలుకోవాలో మాత్రమే.

సొంత 10/22 ఉన్న సభ్యులు తెచ్చుకోవచ్చు. మ్యాగజైన్‌లో ఐదు తూటాలకు మించి ఉండకూడదు, బెంచీ మీద పెట్టగానే చాంబర్‌లో ఫ్లాగ్ (ఖాళీగా ఉందని చూపే ప్లాస్టిక్ ముక్క) గుచ్చాలి. సంఘం తరఫున కూడా ఒక సెమీ ఆటో కొనాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. కమిటీలో దాని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు.

టెక్సాస్ హంటింగ్ లైసెన్సుల గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి. 17 ఏళ్ళు నిండినవాళ్ళు ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు సెప్టెంబర్ సెషన్‌కి కొత్త లైసెన్స్ చేతిలో పెట్టుకుని రండి. గేటు దగ్గర చూపించమని అడుగుతాం, ఏమీ అనుకోవద్దు.

షూటింగ్ విభాగం కన్వీనర్