గ్రిండావిక్ వాళ్లకీ, మన గుంటూరు వాళ్లకీ నా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. 2023 ఆగస్టు చివర్లో ఐస్‌లాండ్ వెళ్లి, లిత్లి హ్రూతుర్ అనే కొండ దగ్గర అప్పుడే చల్లారుతున్న లావాను అంచుదాకా నడిచి వెళ్లి చూసి వచ్చాను. నన్ను అక్కడిదాకా పంపిన వాళ్లు గుంటూరులో ఉన్నారు. క్షేమంగా వెనక్కి తెచ్చిన వాళ్లది ఐస్‌లాండ్‌లోని గ్రిండావిక్ అనే చిన్న ఊరు. అగ్నిపర్వతం వల్ల 2023 నవంబరులో ఆ ఊరివాళ్లు సొంత ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లను తలుచుకోకుండా రోజు గడవడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎర్ర సుద్దముక్కతో లావా గీసి అగ్నిపర్వతం పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "టీచర్, మన మంగళగిరి కొండ కూడా అగ్నిపర్వతమేనా?" పానకాల స్వామికి పానకం పోసేది కొండ లోపలి వేడి చల్లారడానికేనని మన పెద్దవాళ్లు తరతరాలుగా చెబుతున్న మాట. ఆ నమ్మకం మీద నాకు గౌరవమే. కానీ ఆ కొండది లావా రాయి కాదు, తూర్పు కనుమల పాత రాయి. మనకు దగ్గర్లో అసలైన లావా రాయి చూడాలంటే రాజమండ్రి వైపు వెళ్లాలి. కాటేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోని నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ప్రవహించి గడ్డకట్టిన లావా. ఇదంతా పిల్లలకు చెప్పేదాన్నే గానీ, కొత్త లావా ఎలా ఉంటుందో నేనూ చూసింది లేదు. చూడాలన్న కోరిక మాత్రం పోలేదు.

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి "నేను తీసుకెళ్తానమ్మా" అన్నాడు. అసలు పని ఇక్కడే మొదలైంది. బ్రాడీపేటలో ట్రావెల్ ఆఫీసు నడిపే నా పాత విద్యార్థి వీసా కాగితాలన్నీ దగ్గర కూర్చుని నింపాడు, రూపాయి తీసుకోలేదు. నాయనా, నువ్వు చల్లగా ఉండాలి. కొత్తపేట డాక్టరుగారు నా మోకాళ్లు చూసి వద్దనలేదు, ఏ వ్యాయామం ఎంతసేపు చేయాలో కాగితం మీద రాసిచ్చారు. ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచే మా వాకింగ్ బ్యాచ్ అయితే నా ప్రయాణాన్ని తమ ప్రయాణమే అనుకున్నారు. ఎండలు ముదరకముందే మంగళగిరి మెట్లెక్కించారు, కొండవీడు కోట తిప్పారు. నేను ఆయాసపడితే ఆగారు, మానేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. బయల్దేరే ముందురోజు డబ్బా నిండా సున్నుండలు చుట్టి తెచ్చారు. ఆ సున్నుండలు ఎవరు తిన్నారో ముందుకు చెబుతాను.

ఐస్‌లాండ్‌లో అట్లాంటిక్ సముద్రం అడుగున ఉండే పర్వతశ్రేణి నేల మీదికి వస్తుంది. భూమి పైపొరలోని రెండు పెద్ద ముక్కలు, ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం, అక్కడ ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతుంటాయి. రాజధాని రేక్యవిక్‌కి నైరుతిన ఉన్న రేక్యనెస్ ద్వీపకల్పం దాదాపు 800 ఏళ్లు నిద్రపోయి 2021 మార్చి 19న లేచింది. 2022 ఆగస్టులో రెండోసారి, 2023 జూలై 10న మూడోసారి బద్దలైంది. ఈ మూడోదే లిత్లి హ్రూతుర్. ఆగస్టు 5కి ఆగింది, నెల తిరగకముందే మేం వెళ్లాం.

గ్రిండావిక్ దాటాక తూర్పున పార్కింగ్ ఉంది. అక్కణ్నుంచి రానూపోనూ దాదాపు 20 కిలోమీటర్లు నడక. చెట్టన్నది లేదు. ఒకటే గాలి, మధ్యమధ్య సన్న వాన. దారిలో ముందు పాత లావాలు కనిపిస్తాయి. ఆ తర్వాత నల్లగా కాలిపోయిన నేల. ఆ కొండల మీద మందంగా పెరిగే నాచు జూలైలో లావా తగిలి అంటుకుందట. అక్కడి ఫైరింజన్ వాళ్లకు లావా కన్నా ఆ నాచు మంటలతోనే ఎక్కువ అవస్థ అయిందని తర్వాత విన్నాను.

ఇంకా ముందుకెళ్లాక లావా కనిపించింది. బోర్డు మీద నేను గీసిన ఎరుపు ఎక్కడా లేదు. అంతా నలుపు, ఆ నలుపులో గాజు మెరుపు. వాన చినుకు పడ్డచోటల్లా ఆవిరి లేస్తోంది. బయటికి వచ్చేటప్పుడు దాదాపు 1200 డిగ్రీలుండే పదార్థం అది. పైపొర గట్టిపడినా లోపల చాలాకాలం మండుతూనే ఉంటుంది, అందుకే దానిమీద కాలు పెట్టకూడదు. మేం అంచు దగ్గరే ఆగాం. ముఖానికి వేడి తగిలింది. గాలి ఒక్కసారి మావైపు తిరిగేసరికి, సీజన్లో మిర్చి యార్డు గేటు ముందు నిలబడ్డట్టు గొంతు మండింది. వెంటనే గాలికి ఎదురుగా జరిగాం. నా కళ్లవెంట నీళ్లు వచ్చాయి, అవి గ్యాసు వల్ల కాదు. నేలతల్లి కొత్తగా కన్న రాయిని చూస్తున్నానని తెలుస్తూనే ఉంది.

తిరుగుదారిలో కుడి మోకాలు వాచిపోయింది. ఇంకా చాలా దూరం ఉంది, వాన పెరిగింది, మా అబ్బాయికి టెన్షన్ మొదలైంది. అప్పుడే జీపులో ఇద్దరు వచ్చారు. గ్రిండావిక్ రెస్క్యూ బృందం వాళ్లు. ఆ బృందం పేరు థోర్బ్యోర్న్, ఊరి పక్కనున్న కొండ పేరే పెట్టుకున్నారు. ఒకాయన ఎలక్ట్రీషియన్, ఇంకో అమ్మాయి చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఐస్‌లాండ్‌లో రెస్క్యూ పని చేసేవాళ్లలో చాలామంది ఇలాంటి మామూలు మనుషులే, జీతం లేని వాలంటీర్లు. ఆ అమ్మాయి నా మోకాలికి కట్టు కట్టింది, దుప్పటి కప్పింది, ఫ్లాస్కులోంచి వేడి కాఫీ పోసిచ్చింది. గాలి ఆగిపోతే పల్లంలో గ్యాసు పేరుకుంటుంది, అందుకే చీకటి పడేలోపు దారంతా ఒకసారి తిరిగి చూస్తామని ఆయన చెప్పాడు. ఎంతివ్వాలని మా అబ్బాయి అడిగితే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. కొత్త సంవత్సరానికి వాళ్లు బాణసంచా అమ్ముతారట, ఖర్చుల్లో పెద్ద భాగం దాంతోనే గడుస్తుందట. సున్నుండల డబ్బా వాళ్ల చేతిలో పెట్టాను. వాకింగ్ బ్యాచ్ అమ్మలూ, మీ సున్నుండలు ఆ జీపులోనే అయిపోయాయి.

మేం దిగిన గెస్ట్‌హౌస్ ఆవిడ కూడా మా వాళ్లలాగే చూసుకున్నారు. రాత్రి రెండుసార్లు లేచి ఐసు మార్చారు. మర్నాడు కూడా ఉండమని చెప్పి, ఆ రోజుకి అద్దె తీసుకోలేదు.

2023 నవంబరు 10 రాత్రి ఆ ఊరిని ఖాళీ చేయించారు. దాదాపు 3,800 మంది. ఊరి కిందికి శిలాద్రవం, అంటే నేల లోపల కరిగిన రాయి, చొచ్చుకొస్తోంది, భూమి ఆగకుండా కంపిస్తోంది. జనాన్ని బయటికి పంపే పనిలో థోర్బ్యోర్న్ వాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లూ ఆ ఊళ్లోనే కదా! డిసెంబరు 18న ఊరికి ఉత్తరాన లావా లేచింది. 2024 జనవరి 14న ఊరి అంచునే నేల చీలి మూడు ఇళ్లు కాలిపోయాయి. ఆ వీడియో చూస్తూ ఏ వీధో పోల్చుకోవడానికి ప్రయత్నించాను. గెస్ట్‌హౌస్ ఆవిడ రేక్యవిక్‌లో కూతురి దగ్గర ఉన్నానని మెసేజ్ పెట్టారు. నా మోకాలు ఎలా ఉందని కూడా అడిగారు. ఇల్లు వదిలొచ్చిన మనిషి నా మోకాలి గురించి అడుగుతోంది!

అమ్మా, నా మోకాలు బాగుంది. కొత్తపేట డాక్టరుగారే చూస్తున్నారు. మీకూ, ఆ జీపులో వచ్చిన ఇద్దరికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. మీరంతా మళ్లీ మీ గడప తొక్కాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. ఈ మాటలన్నీ మా అబ్బాయి ఇంగ్లిషులో రాసి మీకు పంపుతాడు. మీ బృందానికి మేం పంపగలిగింది పంపాం, మా వాకింగ్ బ్యాచ్ వాళ్లు కూడా తలా కొంత వేశారు.

గుంటూరు, తెనాలి, మంగళగిరి స్కూళ్లలో సోషల్ చెప్పే టీచర్లకు ఒక మాట. నా ఫోటోలు, వీడియోలు మీ పిల్లలకు చూపించాలనుంటే కింద కామెంట్ పెట్టండి, నేనే వచ్చి చూపిస్తాను. థోర్బ్యోర్న్ వాళ్ల గురించి కూడా చెబుతాను.