విమానంలో మర్యాద కొందరికేనా? పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

హైదరాబాద్ నుంచి ఒక సాధారణ ప్రయాణికురాలు నమస్కరించి రాస్తున్న లేఖ.

విమానాల్లో క్యాబిన్ సిబ్బంది కొందరు ప్రయాణికులతో, ముఖ్యంగా ఇంగ్లీషూ హిందీ సరిగ్గా రానివారితో, గల్ఫ్ దేశాలకు కూలి పనులకు వెళ్లివచ్చే మనవాళ్లతో ఎంత చులకనగా ప్రవర్తిస్తున్నారో, ఆ ప్రవర్తన మీద ఫిర్యాదు చేసుకోవడానికి వారికి సరైన దారి ఎలా లేకుండా పోయిందో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను. విమానసంస్థలకు రాయకుండా మీకే రాయడానికి కారణం ఉంది. ఇది ఒక సంస్థకు సంబంధించిన లోపం కాదు, మీ శాఖ నిబంధనల్లోనే ఉన్న లోటు.

2017 మార్చిలో ఒక పార్లమెంటు సభ్యుడు విమానసంస్థ ఉద్యోగిని చెప్పుతో కొట్టడం దేశమంతటా చర్చనీయాంశమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో, మీలాగే ఉత్తరాంధ్రకు చెందిన అశోక్ గజపతిరాజు గారు ఇదే శాఖను చూస్తున్నప్పుడు, విమానంలో అనుచితంగా ప్రవర్తించే ప్రయాణికుల మీద తీసుకోవలసిన చర్యల గురించి, మీ శాఖ కింద పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ అయిన డీజీసీఏ నిబంధనలు వెలువడ్డాయి. మాటలతో వేధించినా, తాగి గొడవ చేసినా 3 నెలల దాకా, చేయి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెస్తే కనీసం 2 సంవత్సరాలు ఆ ప్రయాణికుడికి విమానం ఎక్కే అవకాశం ఉండదు. ఆ నిర్ణయం తీసుకోవడానికి విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. అందులో వేరే విమానసంస్థ ప్రతినిధి ఒకరు, ప్రయాణికుల లేదా వినియోగదారుల పక్షాన ఒకరు ఉంటారు. నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే వీలు కూడా ఉంది. ఇవి మంచి నిబంధనలు. సిబ్బందిలో చాలామంది పాతికేళ్లు నిండని అమ్మాయిలు. తాగి మీద పడేవారి నుంచి, అనుమతి లేకుండా ఫోటోలు తీసేవారి నుంచి వారికి ఈ మాత్రం రక్షణ ఉండి తీరాలి.

అదే ఏడాది నవంబరులో, ఢిల్లీ విమానాశ్రయంలో విమానసంస్థ గ్రౌండ్ సిబ్బంది ఒక ప్రయాణికుడిని కింద పడేసి అదిమిపట్టిన వీడియో బయటికి వచ్చింది. మంత్రి గారు ఖండించారు, సంస్థ క్షమాపణ చెప్పింది, కొద్ది రోజులకు అందరూ మరిచిపోయారు. ప్రయాణికుడు నోరు జారితే ఎన్ని నెలల శిక్షో లెక్కగట్టి రాసిన నిబంధనలలో, సిబ్బంది ప్రయాణికుడిని అవమానిస్తే అతని మొర ఎవరు వినాలో మాత్రం చేర్చలేదు.

నేను కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఆ రూట్లో తిరిగే వారెవరిని కదిపినా ఇలాంటిది ఏదో ఒకటి చెబుతారు. నా తమ్ముడు మస్కట్‌లో పని చేస్తాడు. వాడిని చూసి రాత్రి విమానంలో శంషాబాద్‌కు తిరిగి వస్తున్నాను. నా పక్క సీట్లో జగిత్యాల వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి, రెండేళ్ల తర్వాత ఇంటికి వస్తున్నాడు. బీపీ మాత్ర చేతిలో పట్టుకొని, అటుగా వెళ్తున్న ఎయిర్ హోస్టెస్‌ను "అమ్మా, జర నీళ్లియ్యరాదు" అని అడిగాడు. ఆమె ఆగకుండానే చేయి ఊపి, కూర్చో అన్నట్టు వేలు చూపించి వెళ్లిపోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన మళ్లీ "పానీ" అన్నాడు. ఈసారి ఆమె ఆగి, చుట్టుపక్కల నాలుగు వరుసలకు వినపడేలా, "ఒకసారి చెబితే అర్థం కాదా" అని హిందీలో కసిరింది. ఆయన మాత్రను మళ్లీ చొక్కా జేబులో వేసుకున్నాడు. కాసేపు ఆగి నేను బటన్ నొక్కి ఇంగ్లీషులో నీళ్లు అడిగాను. అదే అమ్మాయి రెండు నిమిషాల్లో చిరునవ్వుతో "మామ్" అంటూ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు ఆయన చేతికి ఇస్తే, మాత్ర వేసుకొని, "ఇంగ్లీషు రాకపోతే గింతే మేడం" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా అలవాటైపోయిన మనిషి మాట అది. కోపం ఉండి ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు.

ఇలాంటి సంగతి ఎత్తగానే సిబ్బంది పని ఒత్తిడి గురించి చెబుతారు. ఆ ఒత్తిడి నిజమైనదే. మన దేశంలో స్థూలంగా ప్రతి 50 సీట్లకు ఒకరి చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలన్నది నియమం. అంటే 180 సీట్ల ఏ320 విమానానికి నలుగురు సరిపోతారు. ఆ నలుగురే తలుపులు చూసుకోవాలి, బెల్టులు పెట్టుకున్నారో లేదో చూడాలి, తిండి అమ్మాలి, చెత్త ఏరాలి, ఎవరికైనా గుండెపోటు వస్తే ప్రాణం నిలపాలి. రాత్రిపూట నిద్ర లేకుండా నిలబడి చేసే పని అది. అలసిపోయిన మనిషి విసుక్కుంటే సర్దుకుపోవడం నాకు తెలుసు. అయితే అలసట వల్ల వచ్చే విసుగు అందరి మీదా ఒకేలా పడాలి కదా. ముందు వరుసలో కోటు వేసుకున్నవారితో ఒక గొంతు, వెనక వరుసలో అట్టపెట్టెకు తాడు కట్టి తెచ్చుకున్నవారితో మరో గొంతు, అదీ పది నిమిషాల తేడాతో ఒకే మనిషి నోటి నుంచి వస్తున్నప్పుడు దానిని అలసట అనడానికి నాకు మనసొప్పడం లేదు. అది ఎదుటి మనిషిని తూకం వేసి ఇచ్చే మర్యాద. టికెట్ డబ్బు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నారు. పైగా గల్ఫ్ కూలీ ఆ డబ్బు కోసం ఎండలో ఎన్ని రోజులు నిలబడి ఉంటాడో కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. మీ శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకొని వలసపోయే కుటుంబాల కష్టం మీకు నేను చెప్పనక్కరలేదు.

భాష దగ్గరికి వస్తే సమస్య ఇంకా ముదురుతుంది. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో, అత్యవసర ద్వారం పక్క సీట్లో కూర్చున్న ఒక తెలుగు మహిళకు తెలుగు తప్ప వేరే భాష అర్థం కాదన్న కారణంతో సిబ్బంది ఆమెను వేరే సీటుకు మార్చారు. తోటి ప్రయాణికురాలు ఆ సంగతి బయటపెట్టిన తర్వాత, అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.రామారావు గారు స్పందించి, ప్రాంతీయ రూట్లలో స్థానిక భాష తెలిసిన సిబ్బందిని ఎక్కువగా తీసుకోవాలని విమానసంస్థను కోరారు. ఆ ద్వారం పక్కన కూర్చున్నవారికి సిబ్బంది సూచనలు అర్థమై తీరాలన్న నియమం భద్రత కోసం పెట్టినదే, దానిని నేను కాదనను. కానీ విజయవాడలో బయలుదేరి హైదరాబాద్‌లో దిగే విమానంలో తెలుగులో ఆ నాలుగు మాటలు చెప్పగలిగిన మనిషి ఒక్కరు లేకపోవడం ఎవరి లోపం? భాష రాకపోవడం ప్రయాణికురాలి లోపమైనట్టు ఆమెనే లేపి పంపడం న్యాయమా? విమానాశ్రయాల్లో ప్రకటనలు ముందు స్థానిక భాషలోనే చేయాలని 2018లో మీ శాఖే చెప్పింది. విమానాశ్రయంలో చెల్లిన తెలుగు విమానం మెట్లు ఎక్కగానే చెల్లకుండా పోతోంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. ఒకసారి కసురు పడితే ఆ తర్వాత దాహం వేసినా, ఒంట్లో బాగోలేకపోయినా బటన్ నొక్కడానికి భయపడి గంటల తరబడి అలాగే కూర్చుంటారు. ఇది మనసు నొచ్చుకోవడంతో తీరిపోయే విషయం కాదు. ఛాతీలో నొప్పి వచ్చిన మనిషి, సీటు కింద పొగ వాసన పసిగట్టిన మనిషి, మళ్లీ తిడతారేమోనని నోరు మూసుకుంటే దాని ఫలితం విమానంలో ఉన్నవారందరి మీదా పడుతుంది.

ఇక ఫిర్యాదు సంగతి. సిబ్బంది ప్రవర్తన బాగోలేదని ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తే అది మొదట ఆ విమానసంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, తర్వాత అదే సంస్థలోని అప్పీలు అధికారికి వెళ్తుంది. ప్రయాణికుల ఫిర్యాదుల కోసం మీ శాఖ 2016లో ప్రారంభించిన ఎయిర్ సేవ పోర్టల్‌లో పెట్టినా అది తిరిగి సంస్థ దగ్గరికే చేరుతుంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామంటూ అందరికీ పంపే ఉత్తరం ఒకటి వస్తుంది, అంతటితో ఫిర్యాదు ముగిసినట్టే. ప్రయాణికుడి తప్పును విచారించడానికి న్యాయమూర్తి కావాలి, బయటివారు కావాలి. సిబ్బంది తప్పును విచారించడానికి మాత్రం వారి యాజమాన్యమే చాలు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు కదా అంటారు. నిజమే, 2019 చట్టం ప్రకారం చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు అయితే ఫీజు కూడా కట్టనక్కరలేదు. కానీ సెలవు మీద నలభై రోజులకు ఇంటికి వచ్చిన గల్ఫ్ కార్మికుడు వాయిదాలకు ఎక్కడ తిరుగుతాడు? ఏ సాక్ష్యం చూపిస్తాడు? విమానంలో వీడియో తీయడం సిబ్బంది వద్దంటే ఆపవలసిందేనని డీజీసీఏ 2020లో స్పష్టం చేసింది. వద్దన్నా తీస్తే అతనే అనుచితంగా ప్రవర్తించినవాడవుతాడు. అంటే అవమానపడినవాడికి ఉన్న ఒకే ఒక్క ఆధారం, అవమానించినవారి అనుమతి మీద ఆధారపడి ఉంది.

డీజీసీఏ ప్రతినెలా విడుదల చేసే దేశీయ విమాన ప్రయాణాల నివేదికలో ఫిర్యాదులను రకాలుగా విడగొట్టి చూపిస్తారు. అందులో సిబ్బంది ప్రవర్తన అని ఒక పద్దు ఉంటుంది. ఆ అంకె చిన్నదిగా కనిపిస్తే సమస్య చిన్నదని అనుకోవద్దని మనవి. ఇంగ్లీషులో ఫారం నింపగలిగినవారి ఫిర్యాదులే అందులో చేరతాయి. నా పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి ఏ పద్దులోనూ లేడు.

మంత్రి గారూ, చిన్న పట్టణాలకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలను ప్రధానమంత్రి గారు ప్రారంభించినప్పుడు వాటిలో కడప-హైదరాబాద్ విమానం కూడా ఉంది. హవాయి చెప్పులు వేసుకునే మనిషి కూడా విమానం ఎక్కాలన్నది ఆ పథకం ఆశయమని ఆనాడు చెప్పారు. ఆ మనిషి ఎక్కాడు. ఎక్కిన తర్వాత అతనితో ఎలా మాట్లాడాలో నిర్ణయించే పని ఇంకా మిగిలి ఉంది, అది మీ చేతుల్లో ఉంది.

2017 నాటి నిబంధనల్లోనే అందుకు ఆధారం దొరుకుతుంది. ప్రయాణికుడు విసిగి గొడవకు దిగడానికి సంతృప్తినివ్వని సేవ కూడా కారణం కావచ్చునని, ఆ తొలి సూచనలను సిబ్బంది ముందే గమనించి సర్దుబాటు చేయాలని వాటిలో రాసి ఉంది. ఆ వాక్యానికి బలం చేకూర్చండి. ప్రయాణికుడిని విచారించే ఆ కమిటీకే, సిబ్బంది ప్రవర్తన మీద వచ్చే తీవ్రమైన ఫిర్యాదులను కూడా, ఇప్పుడు దాని నిర్ణయానికి ఉన్న 30 రోజుల గడువులోనే వినే అధికారం ఇవ్వండి. ఫిర్యాదును తెలుగులో రాసినా, ఫోన్‌లో నోటితో చెప్పినా తీసుకునేలా చేయండి. దిగిన వెంటనే శంషాబాద్‌లోనే చెప్పుకోవడానికి ఒక బల్ల, తెలుగు తెలిసిన ఒక మనిషి ఉంటే గల్ఫ్ నుంచి వచ్చినవారికి అంతకు మించిన మేలు ఉండదు. హైదరాబాద్ నుంచి బయలుదేరే, హైదరాబాద్‌కు వచ్చే ప్రతి విమానంలో తెలుగు మాట్లాడే సిబ్బంది కనీసం ఒకరు ఉండాలని దేశీయ సంస్థలకు నియమం పెట్టండి, విదేశీ సంస్థలను గట్టిగా కోరండి. మన పిల్లల్లో ఈ ఉద్యోగం కోసం శిక్షణ తీసుకొని ఎదురుచూస్తున్నవారు హైదరాబాద్‌లోనే ఎందరో ఉన్నారు.

ఎవరి ఉద్యోగమూ తీసేయమని నేను అడగడం లేదు. నీళ్లు ఇవ్వని ఆ అమ్మాయి పేరు నాకు తెలుసు, ఆమె కోటు మీద ఉన్న పట్టీలో చదివాను, అయినా ఎక్కడా రాయలేదు, రాయను. ఎవరితో గొంతు పెంచితే అడిగేవారు లేరో ఆమెకు తన పనిలోనే అలవాటైంది. అడిగేవారు ఉంటారని తెలిస్తే ఆమె గొంతు దానంతట అదే మారుతుంది.

ఈ లేఖ ప్రతిని ఢిల్లీలోని డీజీసీఏ కార్యాలయానికి కూడా పంపుతున్నాను. నిబంధనల సవరణను మీ శాఖ పరిశీలిస్తుందో లేదో, పరిశీలిస్తే ఎప్పటిలోగా పరిశీలిస్తుందో తెలియజేస్తూ తెలుగులోనే సమాధానం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఉప్పల్, హైదరాబాద్ నుంచి ఒక ప్రయాణికురాలు